నలభై అంగుళాల గీత

స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్‌ను డిస్నీ సంస్థ అయిదు చోట్ల కట్టింది. పేరు ఒకటే, ఊహ ఒకటే. చీకటి గుమ్మటంలో చుక్కల మధ్య రాకెట్ ప్రయాణం. గేటు దగ్గర పిల్లల ఎత్తు చూసే గీత మాత్రం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. కాలిఫోర్నియాలో 102 సెంటీమీటర్లు, అంటే నలభై అంగుళాలు, ఉంటే చాలు. ఫ్లోరిడాలో 112 కావాలి. పారిస్‌లో 120. అంటే 105 సెంటీమీటర్ల పిల్ల కాలిఫోర్నియాలో దర్జాగా ఎక్కేస్తుంది, అదే పిల్లను ఫ్లోరిడాలో గేటు దగ్గరే ఆపేస్తారు. పోనీ ఫ్లోరిడా బండి మహా వేగంగా పోతుందా అంటే అదీ లేదు. దాని గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లే. హైదరాబాద్ కాలనీ రోడ్ల మీద స్కూటర్ ముందుభాగంలో పిల్లల్ని నిలబెట్టుకుని అంతకన్నా వేగంగా పోయేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

ఈ తేడాకు భయం కారణం కాదు. పిల్లల ధైర్యం అంతకన్నా కాదు. ఫ్లోరిడాలో 1975లో మొదలైన బండిలో మనుషులు ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. కాలిఫోర్నియాలో ఇద్దరిద్దరు పక్కపక్కన. పారిస్ బండి మూడుసార్లు తలకిందులవుతుంది. సీటు వేరు, ఒడిసిపట్టే బార్ వేరు, పట్టాల మలుపులు వేరు. గేటు దగ్గర రాసిన అంకె ఆ ఫలానా సీటుకు, ఆ ఫలానా బార్‌కు సంబంధించినది. పిల్లలకు మాత్రం అది పరీక్షలా కనిపిస్తుంది. తప్పితే ఏడుస్తారు. పిల్లల కంటే ముందు కొందరు తల్లిదండ్రుల ముఖాలు వాడిపోతాయి.

అందుకే గేటు దగ్గర నాటకాలు నడుస్తాయి. నెత్తి మీద కొప్పు కట్టడం, మడమ ఎత్తుగా ఉన్న బూట్లు వేయడం, బూట్లలో టిష్యూ కాగితాలు కుక్కడం. అక్కడ ఎత్తు చూసే కుర్రాడికి ఇవన్నీ తెలుసు. కొప్పును అరచేత్తో అదుముతాడు, మడమలు నేలకు ఆనాయా లేదా అని వంగి చూస్తాడు. మన దగ్గర ఇదే నాటకం ఒకే రోజు రెండు రకాలుగా సాగుతుంది. హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరున్న వండర్‌లాలో పిల్లల టికెట్‌కు వయసు అడగరు, ఎత్తు చూస్తారు. 85 సెంటీమీటర్ల లోపైతే ఉచితం, 140 దాకా పిల్లల టికెట్. పొద్దున టికెట్ కౌంటర్ దగ్గర మోకాళ్లు కాస్త వంచమని సైగ చేసిన అమ్మే, గంట తర్వాత రైడ్ దగ్గర "నిటారుగా నిలబడరా" అని వీపు చరుస్తుంది. బస్సులో హాఫ్ టికెట్ కోసం పిల్లాడి వయసు తగ్గించి చెప్పిన తరాలకు ఇదేం కొత్త విద్య కాదు.

ఇంతకీ ఎత్తు కొలిచే ఆ కర్ర ఏం చూస్తోంది?

రోలర్ కోస్టర్ ఒక గుట్ట ఎక్కి దిగే చోట బండి పట్టాలను పట్టుకుని కిందికి వంగుతుంది. లోపలున్న మనిషి ఒళ్లు మాత్రం అప్పటిదాకా పోతున్న దారినే, అంటే పైకే, పోవాలని చూస్తుంది. సీటు కింద నుంచి జారిపోయినట్టు, కడుపులో ఏదో లేచినట్టు అనిపించే క్షణం అదే. కోస్టర్ ప్రియులు దీన్ని ఎయిర్‌టైమ్ అంటారు. దాని కోసమే గంటల తరబడి క్యూలో నిలబడతారు. ఆ సెకనులో మనిషిని బండిలో ఉంచేది సీటు కాదు, ఒళ్లోకి దిగిన ల్యాప్ బార్. అది పనిచేయాలంటే తొడలు కావాలి. బార్ తొడల పైభాగాన్ని, తుంటి దగ్గరగా నొక్కి ఉంచుతుంది. మోకాళ్లు సీటు అంచు దగ్గర కిందికి వంగి ఉండడంతో మనిషి ముందుకు జారకుండా ఆగుతాడు.

2011 జూలైలో న్యూయార్క్ రాష్ట్రంలోని డేరియన్ లేక్ పార్కులో జరిగిన ప్రమాదం ఈ సంగతిని కఠినంగా బయటపెట్టింది. ఇరాక్ యుద్ధంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న మాజీ సైనికుడొకరు రైడ్ ఆఫ్ స్టీల్ అనే కోస్టర్ ఎక్కారు. కాళ్లు రెండూ ఉండాలని అక్కడ నిబంధన ఉంది. అయినా సిబ్బంది ఎక్కనిచ్చారు. బండి గుట్ట దాటుతున్నప్పుడు ఆయన సీటులోంచి ఎగిరిపోయి చనిపోయారు. ఆయన పెద్దవాడు, ధైర్యవంతుడు. బార్‌కు పట్టు దొరకలేదు, అంతే.

నాలుగేళ్ల పిల్లకు కాళ్లు ఉన్నాయి, పొడవు చాలదు. కూర్చున్నప్పుడు పిరుదుల వెనక నుంచి మోకాలి మడత దాకా ఉండే కొలత, ఎత్తులో పావు వంతు పైచిలుకు ఉంటుంది. 102 సెంటీమీటర్ల పిల్లకు అది దాదాపు 27 సెంటీమీటర్లు. పెద్దవాళ్ల కోసం చేసిన సోఫాలో ఆ పిల్లను కూర్చోబెట్టి చూస్తే విషయం తెలిసిపోతుంది. వీపు వెనక్కి ఆనించి కూర్చుంటే కాళ్లు కర్రల్లా ముందుకు చాచుకుని ఉంటాయి. కాసేపటికి మోకాళ్లు వంచుకోవడానికి పిల్ల ముందుకు జరుగుతుంది, నడుము జారగిలబడుతుంది. ఇళ్లల్లో రోజూ కనిపించేదే. కదులుతున్న కోస్టర్‌లో ఇలా జారగిలబడితే తుంటి బార్ కిందకు దూరుతుంది, బార్ తొడల మీద నుంచి పొట్ట మీదకు వస్తుంది. పొట్టలో దాన్ని ఆపే ఎముక లేదు.

తుంటిలో ఉన్న ఎముక కూడా ఇంకా తయారవుతూనే ఉంటుంది. నడుముకు రెండు పక్కలా ముందువైపు చేతికి తగిలే ఎముక మొనలు బెల్టు పైకి జారకుండా కొక్కేల్లా అడ్డుపడతాయి. అవి పదేళ్ల ప్రాంతానికి గానీ సరిగా రూపు దిద్దుకోవు. కార్లలో పిల్లలకు బూస్టర్ సీటు కావాలని వైద్యులు పట్టుబట్టడానికి ఇదొక కారణం. అమెరికాలో కారు బెల్టు ఒక్కటే చాలని చెప్పే ఎత్తు సుమారు 145 సెంటీమీటర్లు. కోస్టర్ గీతల కన్నా అది ఎక్కువే. రోలర్ కోస్టర్ దగ్గర కర్రకు భయపడే కుటుంబం పార్కింగ్‌లో కారు ఎక్కగానే అదే పిల్లను ముందు సీటులో ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఆ ప్రయాణం కోస్టర్ కన్నా ప్రమాదకరమన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఇంకో చిక్కు, ఇద్దరికి ఒకే బార్ ఉండే బండ్లు. తండ్రి తొడలకు తగలగానే బార్ ఆగిపోతుంది. పక్కనున్న అయిదేళ్ల పిల్ల తొడలకు అది ఇంకా జానెడు ఎత్తునే ఉంటుంది. "నేను గట్టిగా పట్టుకుంటాలే" అని నాన్న అంటాడు. ఆయన ప్రేమలో లోటు లేదు గానీ, బార్‌కూ పిల్లకూ మధ్య ఉన్న ఖాళీకి ఆయన బరువే కారణం. కొత్త కోస్టర్లలో ఒక్కొక్కరికీ విడిగా బార్ పెట్టడం మొదలయ్యాక ఈ ఇబ్బంది తగ్గింది.

తల సంగతీ చూడాలి. అప్పుడే పుట్టిన బిడ్డకు తల మొత్తం పొడవులో నాలుగో వంతు. పెద్దయ్యేసరికి అది ఎనిమిదో వంతుకు దిగుతుంది. మూడు నాలుగేళ్ల వయసులో ఇంకా మధ్యలోనే ఉంటుంది. పైన బరువు ఎక్కువ, మెడ కండరాలు లేత. అలాంటి పిల్లలు నడుము దగ్గర మాత్రమే బార్ ఉన్న సీటులో కూర్చుంటే పక్కకు విసిరే మలుపులో పైభాగం ఊగిపోతుంది. తన్నిపెట్టుకుని ఆపుకుందామంటే పాదాలు నేలకు అందవు. పెద్దవాళ్లు మలుపు రాగానే తమకు తెలియకుండానే కాళ్లు బిగబట్టి, చేతులతో పిడి పట్టుకుంటారు. పిల్లల దగ్గర ఆ రెండూ తక్కువే.

ఒంటి కొలతల వెనక ఇంకోటి దాగి ఉంది, బుద్ధి. బండి ఆగేదాకా లేవకూడదు, చేయి బయట పెట్టకూడదు, భయమేసినా బార్ కింద నుంచి దూరి దిగిపోవాలని చూడకూడదు. ఈ మూడు మాటలు నాలుగేళ్ల పిల్ల బుద్ధిగా వింటుంది, తల ఊపుతుంది. చీకట్లో దెయ్యం బొమ్మ ఒక్కసారిగా ఎదురైతే మర్చిపోతుంది. 2000 సెప్టెంబరులో కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో రోజర్ ర్యాబిట్ రైడ్ నుంచి నాలుగేళ్ల బాలుడు బయటపడి బండి కింద చిక్కుకున్నాడు. మెదడుకు తీవ్రమైన దెబ్బ తగిలింది. అది వేగంగా పోయే రైడ్ కాదు, బొమ్మల మధ్య గుండ్రంగా తిరిగే బండి. తెరిచి ఉన్న పక్కన చిన్నవాణ్ణి కూర్చోబెట్టకూడదని, లోపలివైపు కూర్చోబెట్టాల్సిందని రాష్ట్ర దర్యాప్తు తేల్చింది.

బుద్ధిని కర్రతో కొలవలేం. అందుకని ఎత్తును వయసుకు బదులుగా వాడుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల పట్టికల ప్రకారం నాలుగేళ్ల మగపిల్లల మధ్యస్థ ఎత్తు 103.3 సెంటీమీటర్లు, ఆడపిల్లలది 102.7. అయిదేళ్లకు 110 దరిదాపులు. ఏడేళ్లకు 121 ప్రాంతం. ఇప్పుడు పార్కుల గీతలు చూస్తే కథ అర్థమవుతుంది. 102 అంటే నాలుగేళ్లు, 112 అంటే అయిదు దాటాక, 122 అంటే ఏడు. పెద్ద కోస్టర్లు అడిగే 137, అంటే 54 అంగుళాలు, దాదాపు పదేళ్లు. అయితే వయసే ఎందుకు అడగరంటే, పార్కుకు జనన ధ్రువపత్రం ఎవరూ తెచ్చుకోరు. పైగా అడిగితే నిజం చెప్పేవాళ్లెందరు?

ఈ బదులు ఏర్పాటులో కన్నం ఉంది. నాలుగు నిండిన ఆరోగ్యవంతులైన మగపిల్లల్లో ఎత్తు 94.9 నుంచి 111.7 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చని అదే పట్టిక చెబుతుంది. దాదాపు 17 సెంటీమీటర్ల తేడా. పొడుగు నాలుగేళ్లవాడు ఆరేళ్లవాడిలా కనిపించి ఎక్కేస్తాడు, బుద్ధి నాలుగేళ్లదే. పొట్టి ఏడేళ్ల పిల్ల నియమాలన్నీ వల్లెవేస్తూ కిందే నిలబడుతుంది. పైగా ఆ పట్టిక మంచి తిండి, మంచి సంరక్షణ దొరికిన పిల్లలది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. గేటు దగ్గర వెనక్కి పంపించిన పిల్లల్లో కొందరికి ఆ గీత అందకపోవడానికి కారణం వంటింట్లో, పేదరికంలో ఉంటుంది. దానికి పార్కువాళ్లు చేసేదేమీ లేదు. సీటుకు కావాల్సింది తొడ పొడవు, పిల్ల ఏ తరగతి చదువుతోందన్నది దానికి అక్కర్లేదు.

అంకెను వేసేది గేటు దగ్గరున్న కుర్రాడూ కాదు, పార్కు యజమానీ కాదు. రైడ్ తయారు చేసిన సంస్థ వేస్తుంది. పార్కు దాన్ని పెంచుకోవచ్చు, తగ్గించడానికి మాత్రం లేదు. అమెరికాలో ప్రమాణాలు రాసే ఏఎస్‌టీఎం సంస్థ 1978లో ఎఫ్24 అనే కమిటీని వేసింది. రైడ్ మనిషిని ఎంత బలంతో, ఎంతసేపు, ఏ దిక్కుకు విసరవచ్చో ఆ కమిటీ ప్రమాణాలు చెబుతాయి. ఆ బలాన్ని బట్టి ఏ తరహా బార్ ఉండాలో కూడా చెబుతాయి. మెల్లగా తిరిగే రైడ్‌కు బార్ లేకపోయినా పర్లేదు. తలకిందులు చేసేదానికి దానంతటదే తాళం పడే బార్, అది విఫలమైతే ఆదుకునే రెండో ఏర్పాటు ఉండాలి. ఆ బార్ పట్టుకోగల అతి చిన్న శరీరం ఎంతన్నది లెక్కవేస్తే గీత ఎక్కడ గీయాలో తేలుతుంది.

చిన్న శరీరాల కొలతలు మాత్రం తేలిగ్గా దొరకలేదు. 1970ల్లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నాలుగు వేల మందికి పైగా పిల్లల్ని, పసికందుల నుంచి పద్దెనిమిదేళ్లవాళ్ల దాకా, ఒక్కొక్కరినీ పదుల కొద్దీ రకాలుగా కొలిచారు. తల చుట్టుకొలత, అరచేతి వెడల్పు, తుంటి వెడల్పు, మోకాలి ఎత్తు. 1977లో ఆ నివేదిక వచ్చింది. బొమ్మలు, ఊయలలు, మెట్ల రెయిలింగులు చేసేవాళ్లకు పిల్లల ఒంటి సైజు ఇంతని తెలిసింది అలాంటి ఓపిక వల్లే.

అయినా ఎత్తూ, మొత్తం బరువూ చూసి ఊరుకుంటే ఏమవుతుందో కాన్సస్‌లో తెలిసింది. కాన్సస్ సిటీలోని ష్లిటర్‌బాన్ వాటర్ పార్కులో 2014లో 51 మీటర్ల ఎత్తున వెరూక్ట్ అనే జారుడుబండ తెరిచారు. అప్పట్లో ప్రపంచంలో అదే ఎత్తయినది. ముగ్గురు ఒక తెప్పలో కూర్చుని జారాలి. ఎత్తు 54 అంగుళాలు దాటాలి, ముగ్గురి బరువు కలిపి 181 నుంచి 249 కిలోల మధ్య ఉండాలి. 2016 ఆగస్టులో ఒక పదేళ్ల బాలుడు ముందు కూర్చున్నాడు, వెనక ఇద్దరు పెద్దవాళ్లు. మొత్తం బరువు పరిమితి లోపే ఉంది. బాలుడి బరువు మాత్రం 34 కిలోలే. ముందు తేలిక, వెనక బరువు. దిగువన ఉన్న గుట్ట మీద తెప్ప గాల్లోకి లేచింది, బాలుడు చనిపోయాడు. మొత్తం ఎంతన్నది కొలిచిన నిబంధన అది ఎక్కడ పడుతోందన్నది కొలవలేదు. ఆ జారుడుబండను 2018లో కూల్చేశారు.

కొలరాడోలోని గ్లెన్‌వుడ్ కేవర్న్స్‌లో 2021 సెప్టెంబరులో చనిపోయిన ఆరేళ్ల పాప విషయంలో ఎత్తుకూ సంబంధం లేదు, బరువుకూ సంబంధం లేదు. పాప సీటు బెల్టుల మీద కూర్చుంది. అవి ఒంటి మీదకు రాలేదు. ఏదో తేడా ఉందని కంట్రోల్ ప్యానెల్ హెచ్చరించినా, సిబ్బంది కారణం గ్రహించకుండా ఆ హెచ్చరికను రీసెట్ చేసి బండి వదిలారని రాష్ట్ర నివేదిక చెప్పింది. 33 మీటర్ల లోతుకు పడిపోయే రైడ్ అది. కర్ర దాటిన పిల్లను కూడా ఎవరో ఒకరు వంగి, బార్ లాగి, బెల్టు లాగి చూడాలి.

ఎత్తు విషయంలో ప్రకృతి ఆడే ఒక చిన్న ఆట ఉంది. పొద్దున్న లేచినప్పుడున్న ఎత్తు సాయంత్రానికి ఉండదు. వెన్నుపూసల మధ్య మెత్తని దిళ్లలాంటి డిస్కులు రాత్రి పడుకున్నప్పుడు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పగలు ఒంటి బరువుకు అణుగుతాయి. పెద్దవాళ్ల మీద 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో రోజు మొత్తంలో తేడా సగటున 19 మిల్లీమీటర్లు తేలింది. అందులో సగానికి పైగా లేచిన మొదటి గంటలోనే తగ్గిపోయింది. పిల్లల్లో తేడా ఇంకా తక్కువే, కానీ సరిగ్గా గీత మీదున్న పిల్లకు అర సెంటీమీటరు చాలు. పొద్దున పది గంటలకు ఎక్కనిచ్చి, అయిదింటికి వద్దన్నారంటే సిబ్బంది పక్షపాతం చూపినట్టు కాదు. పొద్దుటి నుంచి పరిగెత్తిన పిల్ల నిజంగానే కాస్త కుదించుకుపోయి ఉంటుంది. ఇంటి దగ్గర కొలిచేటప్పుడు గోడకు మడమలు ఆనించి, చూపు నేరుగా పెట్టించి, చెప్పులు తీసేసి, సాయంత్రం పూట కొలవడం మంచిది. ఆ లెక్కతో బయలుదేరితే ఎనిమిది గంటల విమానప్రయాణం తర్వాత గేటు దగ్గర ఏడుపులుండవు.

పార్కులకు కూడా ఏడ్చే పిల్లలు నష్టమే. ఒకరు గీత దాటలేదని కుటుంబమంతా ఆ రైడ్ వదిలేస్తే ఎవరికీ లాభం లేదు. అందుకే డిస్నీలో రైడర్ స్విచ్ అనే ఏర్పాటు ఉంది. అమ్మ చిన్నదానితో బయట ఉంటుంది, నాన్న పెద్దవాడితో ఎక్కి వస్తాడు. ఆ తర్వాత అమ్మ పెద్ద క్యూ మళ్లీ కట్టకుండా ఎక్కొచ్చు. పెద్దవాడికి రెండోసారి ఎక్కే అదృష్టం కూడా దక్కొచ్చు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు ఎండాకాలంలో ఈ ఏర్పాటు అవసరం పెద్దగా రాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నానమ్మో బెంచీ మీద చిన్నదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, ఆవిడ కూడా ఏ కోస్టరూ ఎక్కనంటుంది.

పెన్సిల్వేనియాలోని హెర్షీపార్క్ అయితే గీతనే మిఠాయిగా మార్చేసింది. అది చాక్లెట్ కంపెనీ ఊరు. అక్కడ పిల్లల ఎత్తును అంగుళాల్లో కాక మిఠాయిల పేర్లతో చెబుతారు. 36 అంగుళాల లోపు మినియేచర్, 36 నుంచి 42 దాకా కిస్, 48 దాకా రీసెస్, 54 దాకా హెర్షీస్, 60 దాకా ట్విజ్లర్, ఆపైన జాలీ రాంచర్. "నువ్వు పొట్టి" అనే మాట ఎక్కడా రాదు. పోయినేడు కిస్ అయిన పిల్ల ఈ ఏడు రీసెస్ అయితే ఇంట్లో పండగే.

ఈ గీతలన్నీ స్థిరంగా ఉండే పెద్ద పార్కుల ముచ్చట. నాంపల్లి నుమాయిష్‌లో, ఊరి జాతరల్లో, వేసవి ఎగ్జిబిషన్లలో వచ్చిపోయే కొలంబస్, జెయింట్ వీల్, బ్రేక్ డ్యాన్స్‌ల దగ్గర ఎత్తు కర్ర చాలాసార్లు కనిపించదు. అక్కడ గీత గీయాల్సింది ఇంట్లోవాళ్లే. టికెట్ తీసుకునే ముందు ఒక రౌండు పక్కన నిలబడి చూడాలి. బార్ వరస మొత్తానికీ ఒకటేనా, ఒక్కొక్కరికీ విడిగా ఉందా? అది పెద్దవాళ్ల ఒళ్లో ఆగుతోందా, పిల్లల తొడలకు తగులుతోందా? పిల్ల వీపు వెనక్కి ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దాటి కిందికి వంగుతున్నాయా? గొళ్లెం వేశాక నడిపేవాడు ఒకసారి లాగి చూస్తున్నాడా, లేక దూరం నుంచే చేయి ఊపి బటన్ నొక్కేస్తున్నాడా? ఎక్కించాలని నిశ్చయించుకుంటే చిన్నదాన్ని లోపలి వైపు కూర్చోబెట్టి, పెద్దవాళ్లు తెరిచి ఉన్న వైపు కూర్చోవాలి. కొలంబస్ పడవలో చివరి వరస ఎక్కువ ఎగురుతుంది, మధ్య వరస తక్కువ. పిల్లలు చివరి వరసే కావాలంటారు.